చాకలి సోడా

అలమండ సంతలో చేతులు మారిన ఎర్రగిత్త
మూడు రోజులు మామూలుగానే నెమరేసింది.
నాలుగోనాడు పొద్దున్న
మూతి నుంచి నేలదాకా
తెగని దారంలా జొల్లు.
పారినాయుడు నాలిక పట్టుకుంటే
పైపొర చేతికొచ్చేసింది,
ఉడికిన చామదుంప తొక్కలా.

"సంతలో బాగున్నాది గదమ్మా!"
బాగా లేదు నాయుడూ, అక్కడా బాగా లేదు.
లోపల దూరినది ముందు లెక్క పెంచుకుంటుంది,
తర్వాతే తలుపు తీస్తుంది.

దానికి కాళ్లు లేవు. ఊపిరి లేదు.
బతికున్న కణం దొరికేదాకా
ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.
అయినా పలుపుతాడు మీద వస్తుంది,
కుడితి గోలెం అంచున కాచుకుంటుంది,
చల్లగాలి తిరిగితే పక్క సాలకి పోతుంది.
గాలికుంటు.
సూక్ష్మదర్శిని మొహం చూడనివాళ్లెవరో
సగం సంగతి పేరులోనే చెప్పేశారు.

ఆ రోజు ఏడు సాలలు తిరిగాను.
పొటాషు నీళ్లతో నోళ్లు కడిగి
గిట్టల సందున వేపనూనె పూశాను.
ఐసు పెట్టెలో టీకాలు అప్పటికే ఆలస్యం.
ఎనిమిదోది తవిటమ్మ గుమ్మం.
ఆవు ఈని పదకొండు రోజులు, ఏ జబ్బూ లేదు.
"ఓపాలి సూసి ఎల్లమ్మా" అంది.
ఊరికే చూశాను.
ఊరికే మెడ నిమిరాను.
దూడ నా వేళ్లు నాకింది.

ఐదోనాటికి ఆవుకి జొల్లు.
ఆరోనాడు దూడ
పుండు లేదు, కుంటు లేదు,
పాలు తాగుతూ తాగుతూ
పొదుగు వదలకుండానే పక్కకి ఒరిగింది.
లేత గుండె కండ అంటే దానికి ఇష్టం.
కోసి చూస్తే గుండె మీద పులిచారలుంటాయని
మా పుస్తకంలో ఉంది.
తవిటమ్మ అక్కడే కూర్చుంది.
నేను కొయ్యలేదు.

ఈ ఊరి పక్కన పారేది గోస్తని,
ఆవు పొదుగు పేరు పెట్టుకున్న ఏరు.
దానికి దూరంగా, మెరకన, లోతుగా తవ్వి
సున్నం చల్లాం.

"అమ్మోరి కోపం గాదమ్మా, మన ఆలీసం.
ఎనకటికి ఊరు కట్టీసీవోరు.
లోన గొడ్డు బయటికెల్లదు,
బయటి మనిసి లోనికి రాడు."
పొలిమేర వైపు చూస్తూ అందామె.
నేను నా బూట్ల వైపు చూశాను.
పేడ ఎండి పగుళ్లిచ్చింది.
ఏ సాలదో.

అదే వారం ఆమె మరిది వరి ఆకు తెచ్చాడు.
నూలుకండెలాంటి మచ్చ,
అంచు గోధుమ, నడుమ బూడిద.
"ఇదీ గాలేనా?"
ఇదీ గాలే నాయనా, మంచు కూడా,
నువ్వు రెండోసారి చల్లిన యూరియా కూడా.
ఇది బూజు. నువ్వు పగలు విత్తు చల్లితే
ఇది రాత్రి చల్లుతుంది.
నాకు అంతవరకే తెలుసు.
వ్యవసాయం చూసే అమ్మాయి దగ్గరికి పంపి
వెనక నుంచి కేక వేశాను,
"దోవలో ఇంకొకరి గట్టు ఎక్కకు!"
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇప్పుడు స్కూటీ డిక్కీలో
రెండు పొట్లాల చాకలి సోడా ఉంటుంది.
ప్రతి గుమ్మం దగ్గరా బకెట్ అడుగుతాను.
బూట్లు మునిగేలా నిలబడి
చేతులు మోచేతిదాకా కడుగుతాను,
లోనికెళ్లే ముందోసారి, వచ్చాక ఇంకోసారి.
"డాక్టరమ్మ గుడికెల్తన్నాది"
పిల్లలు పకపకా నవ్వుతారు.

తవిటమ్మ నవ్వదు.
అడక్కముందే బకెట్ తెచ్చి పెడుతుంది,
సోడా కరిగేదాకా తానే కర్రతో కలుపుతుంది,
నా రెండో కాలు కూడా మునిగిందాకా
అక్కడి నుంచి కదలదు.

తెలుసో, తెలీదో.
ఖాళీ దూడతాడు మాత్రం
ఇంకా ఆ గుంజకే ఉంది.
దాన్నీ నానబెట్టాలని చెప్పడానికి
నాకింకా నోరు రాలేదు.